లాగేది సరే... ఆపేదెవరు?

ఊళ్లో ఎవరింటి ముందైనా కొత్త ట్రాక్టరు దిగితే, పసుపు కుంకుమా పెట్టి నిమ్మకాయలు తొక్కించేలోపే చుట్టూ చేరినవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. "ఎన్ని హార్స్‌పవరు?" "ఎన్ని టన్నులు లాగుతుంది?" కొన్నాయన మీసం మీద చెయ్యేసుకుని చెబుతాడు. ఇన్నేళ్లలో మా చిత్తూరు వైపు ఎంతమంది ఇళ్లల్లో ఈ ముచ్చట చూశానో! "నిండు లోడుతో దిగుడులో వస్తుంటే ఎంత దూరంలో ఆగుతుంది?" అని అడిగినవాళ్లను మాత్రం ఒక్కరినే చూశాను. ఆమె మా వదిన.

ఆడవాళ్ల పేజీలో ట్రాక్టర్ల గోలేమిటని పేజీ తిప్పేయకండి. ట్రాక్టరు నడిపేది మగవాళ్లే కావచ్చు, వెనకాల ట్రాలీలో కూర్చునేది ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వేరుశనక్కాయలు పీకడానికి పోయే కూలీలు, ఎల్లమ్మ జాతరకు పొంగలి గిన్నెలతో పోయే అమ్మలక్కలు, పెళ్లికొడుకు వెనకాల పాటలు పాడుకుంటూ పోయే పిల్లామేకా. తిరుపతిలో ఉండేవాళ్లమైనా దీన్నుంచి తప్పించుకోలేదు. ఎండాకాలం వీధిలోకి నీళ్ల ట్యాంకరును లాక్కొచ్చేది ఏమిటి? ట్రాక్టరే కదా! మన గేటు ముందు పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటే నిండు ట్యాంకరు వాలులో వెనక్కి జరుగుతుంటుంది. వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. ట్యాంకరు మీద ఎన్ని వేల లీటర్లని రాసుంటే అన్ని టన్నులన్నమాట.

2022 డిసెంబరులో పూతలపట్టు మండలంలో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐరాల మండలం నుంచి పెళ్లికని ట్రాక్టరులో బయల్దేరినవాళ్లు రాత్రిపూట దారిలో బోల్తా పడ్డారు. ఆరుగురు పోయారు. చాలామందికి దెబ్బలు తగిలాయి. ఆ మర్నాడు పేపరు చదివి నేను మా అన్నకు ఫోను చేస్తే వదినే ఎత్తింది. "పేపరు చూస్తివా వదినా?" అన్నాను. "చూసినా పాపా. మన టైలరు కూడా అట్లాంటిదే కదా" అంది. అంతే, ఇంకేమీ మాట్లాడలేదు. (మా ఊళ్లో ట్రెయిలర్‌ను టైలరు అంటారు. జాకెట్లు కుట్టే టైలరుతో కలిపేసుకోకండి!)

మా అన్నవాళ్లది పాకాల దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోపు, ఎక్కువ భాగం తోతాపురి. తోతాపురి పచ్చిగా కోసుకుని ఉప్పూకారం అద్దుకుని తినడానికీ బాగుంటుంది గానీ, అసలు బేరం చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలతోనే. జూన్, జూలై నెలలు వస్తే ఆ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరస కిలోమీటర్ల పొడవున ఉంటుంది. ఒక్కోసారి రెండు మూడు రోజులు కూడా అక్కడే పడిగాపులు. అన్ని గంటలు నిలబడాల్సి వచ్చినప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు? ఒక్క ట్రిప్పులోనే వీలైనంత ఎక్కువ తోసేద్దామనుకుంటారు. అందుకే ట్రాలీ పక్కపలకలు ఏటేటా ఎత్తు పెరుగుతుంటాయి. మా అన్న కూడా ఒక అడుగు ఎత్తు పెంచి పలకలు కొట్టించాడు. దాంతో పాత ట్రాక్టరు ఎగుడుల్లో ముక్కడం మొదలుపెట్టింది. ఇంకేముంది, దాన్ని మార్చేసి 50 హార్స్‌పవరు పైన ఉండేది తీసుకోవాలని ఆయన ఆలోచన. బ్యాంకు వాళ్లతో కూడా మాట్లాడుకున్నాడు.

వదిన అడ్డం తిరిగింది ఇక్కడే. "ఎగుడు ఎక్కేదానికి పెద్ద ఇంజను తెస్తావు సరే. దిగేటప్పుడు ఆ బరువంతా పట్టుకునేది ఏంది? ముందు అది చెప్పు" అని కూర్చుంది. ఆయనకు కోపం వచ్చింది. ఆడవాళ్లకు ట్రాక్టర్ల గురించి ఏం తెలుసన్నాడు. మా వదిన ఏడో తరగతితో చదువు ఆపేసింది గానీ నోరు ఆపేసే మనిషి కాదు. చివరికి చిత్తూరులో ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్ల పని చేస్తున్న ఒక మేస్త్రీ దగ్గరికి పోయి అడుగుదామని ఒప్పందం కుదిరింది. సెలవులకు ఊళ్లో ఉన్నాను కాబట్టి నేనూ వెంటపోయాను. కథలు రాసేవాళ్లకు ఊరికే ఉండబుద్ధి కాదు కదా!

మేస్త్రీ అన్న చెప్పిందంతా విన్నాడు. "పెద్ద ఇంజను ఎందుకు సామీ? ఇప్పుడుండే ఇంజనే నీ లోడును లాగతా ఉండాది. ఆపేదానికే నీ దగ్గర ఏమీ లేదు" అన్నాడు. వదిన నా వైపు చూసిన చూపు చూడాలి!

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు మీకు చెబుతాను. మామూలు ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. మామిడికాయలతో నిండిన అన్నవాళ్ల ట్రాలీ ఐదు టన్నులు. అంటే వెనక ఉన్నది ముందున్నదానికి రెండున్నర రెట్లు. ఇక బ్రేకులు. మనవైపు తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులుండేది వెనక రెండు చక్రాలకే, ముందు చక్రాలకు ఉండవు. ట్రాలీకైతే అసలే ఉండవు, ఉన్నా ఎప్పుడో తుప్పుపట్టి ఉంటాయి. అంటే ఏడు టన్నుల బరువును రెండంటే రెండు చక్రాలు ఆపాలి. సమమైన నేల మీద ఏదోలా నెట్టుకొస్తుంది. పది అడుగులకు ఒక అడుగు దిగే వాలులో మాత్రం ఐదు టన్నుల ట్రాలీ అర టన్ను బలంతో ట్రాక్టరును వెనకనుంచి తోస్తూనే ఉంటుంది. పది బియ్యం బస్తాల బరువు మీ వీపు మీద ఆనుకుని, దిగుడు అయ్యేదాకా తోస్తూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ సమయంలో మలుపు వచ్చి ట్రాక్టరు కాస్త పక్కకు తిరిగిందా, ట్రాలీ మాత్రం తిన్నగానే రావాలని చూస్తుంది. తలుపు మడత పడినట్లు రెండూ మడిచిపోతాయి. బోల్తాలు చాలావరకు అప్పుడే.

ఇది వింటుంటే నాకు మా తాత ఎద్దులబండి గుర్తొచ్చింది. బండి వెనక చక్రాలకు అడ్డంగా ఒక కట్టె, దానికో తాడు. వాలు వస్తే తాత బండి దిగి, తాడు బిగించి పట్టుకుని పక్కన నడిచేవాడు. కట్టె చక్రానికి రాసుకుని కిర్రుమనేది. "బరువంతా ఎద్దుల మెడ మీదికొస్తే అవి ఏం చేస్తాయి పాపా?" అనేవాడు. ఎద్దులు ఎంత బలమైనవైనా బండిని ఆపాల్సింది బండి చక్రమేనని ఆయనకు ఎవరూ క్లాసు పీకి చెప్పలేదు. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది, ఆ కట్టె మాత్రం ఎక్కడో జారిపోయింది. విచిత్రం కాదూ!

అన్న అప్పటికి కాస్త మెత్తబడ్డాడు. మేస్త్రీ ట్రాక్టరెక్కి కింద కుడివైపున్న రెండు బ్రేకు పెడల్స్ చూపించాడు. నాకు అంతవరకూ తెలియదు, ట్రాక్టరుకు బ్రేకు పెడల్స్ రెండుంటాయట, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. కయ్యలో దున్నేటప్పుడు మూల తిరగడానికి ఒక్కవైపే తొక్కుతారు. రోడ్డెక్కగానే ఆ రెండింటినీ కలిపే చిన్న గొళ్లెం వేసేయాలి. వేయకుండా వేగంలో ఒక్కదాన్నే తొక్కితే బండి గిర్రున ఒకవైపు తిరిగిపోతుంది. అన్నవాళ్ల ట్రాక్టరులో ఆ గొళ్లెం విరిగిపోయి రెండేళ్లయింది. దాని ఖరీదు? మనం ఒక పూట కొనే కూరగాయల పాటి! ఇదిగో, మీ ఇంట్లో ట్రాక్టరుంటే ఈ సంచిక పక్కన పెట్టి ముందు ఆ గొళ్లెం చూసి రండి.

అసలు పని ట్రాలీది. ఇరుసు మార్చి, చక్రాలకు డ్రమ్ములు పెట్టి, గాలి బ్రేకులు బిగించాడు మేస్త్రీ. ఇంజను బెల్టుతో తిరిగే చిన్న కంప్రెసరు, గాలి నిల్వ ఉండే ట్యాంకు, అక్కడినుంచి ట్రాలీ దాకా గొట్టం. డ్రైవరు ట్రాక్టరు బ్రేకు తొక్కితే ట్రాలీ చక్రాలూ పట్టుకుంటాయి. గాలి కాకుండా ఆయిలుతో పనిచేసే రకం కూడా ఉంది. కొన్ని కొత్త ట్రాక్టర్లకు ట్రాలీ బ్రేకు తగిలించుకునే ఏర్పాటు కంపెనీయే పెట్టి ఇస్తోంది, కొనేటప్పుడు అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు. ట్రాక్టరునూ ట్రాలీనీ కలిపే పిన్ను అరిగి సగమైపోయి ఉంటే అదీ మార్చారు. ఊడిపోకుండా దానికి అడ్డుపిన్ను, ఒకవేళ ఊడినా ట్రాలీ ఎక్కడికో పోకుండా ఒక లావు గొలుసు. లారీల్లో అరిగిపోతే పైపూత వేయించి ట్రాలీకి తగిలించిన పాత టైర్లు కూడా పోయాయి. మొత్తం ఖర్చు మా వదిన రెండేళ్లుగా చేయించుకోవాలనుకుంటున్న గాజుల జతలో ఒక్క గాజు ఖరీదు కూడా కాలేదు. కొత్త ట్రాక్టరు అప్పు మాట ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

ఇది రాస్తుండగా అమెరికాలో ఉన్న మా పిన్నమ్మ కూతురితో ఫోనులో మాట్లాడాను. వాళ్లు సెలవులకు తిరగడానికి ట్రావెల్ ట్రెయిలర్ కొన్నారట. చక్రాల మీద ఇల్లన్నమాట. పొయ్యి, మంచాలు, బాత్రూము అన్నీ ఉంటాయి. దాన్ని పికప్ ట్రక్కుకు తగిలించి లాక్కుపోతారు. "ఇల్లు కొన్నాక ట్రక్కును దానికి తగ్గట్టు చేసేదానికే రెండు నెలలు పట్టింది అక్కా" అంది. వెనక స్ప్రింగులు గట్టివి వేయించారు, టైర్లు మార్చారు, వెడల్పాటి అద్దాలు పెట్టించారు. అన్నిటికన్నా ముఖ్యం, స్టీరింగు కింద ఒక చిన్న డబ్బా. దాంతో డ్రైవరు తన సీట్లో కూర్చునే ట్రెయిలర్ బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో సరిచేసుకోవచ్చు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ట్రెయిలర్ బరువు 3000 పౌండ్లు, అంటే సుమారు 1360 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులుండాలని చట్టమే చెబుతోంది. కొక్కెం ఊడిపోతే ట్రెయిలర్ తనంతట తానే బ్రేకు వేసుకునేలా ఒక సన్నని తీగ కూడా ఉంటుంది. మన ట్రాలీలు ఖాళీగా ఉన్నప్పుడే ఇంచుమించు ఆ బరువుంటాయి. కాయలు నింపాక చెప్పేదేముంది!

ఆ పిల్ల చెప్పిన ఇంకో మాట నాకు బాగా పట్టింది. ప్రయాణానికి ముందు ట్రక్కునూ ట్రెయిలర్‌నూ తూకానికి తీసుకెళతారట. మొత్తం బరువే కాదు, కొక్కెం మీద ఎంత పడుతోందో కూడా చూస్తారు. ట్రెయిలర్ బరువులో పదో వంతు నుంచి ఆరున్నరో వంతు దాకా, అంటే నూటికి 10 నుంచి 15 పాళ్లు కొక్కెం మీద పడితే అది తోక ఊపకుండా వస్తుంది. సామానంతా వెనక సర్దితే కొక్కెం పైకి లేచి, ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మన రెండు చక్రాల ట్రాలీకీ ఇదే సూత్రం. కాయలు వెనకవైపు గుట్టగా పోస్తే ట్రాక్టరు వెనక చక్రాలు తేలికవుతాయి. బ్రేకులున్నది ఆ చక్రాలకే కదా, నేల మీద పట్టే లేకపోతే బ్రేకు పట్టి ఏం లాభం? అలాగని ముందుకే తోసేస్తే ఎగుడులో ట్రాక్టరు ముక్కు లేస్తుంది, స్టీరింగు తిప్పినా తిరగదు. అందుకే ముందువైపు ఇనుప దిమ్మెలు బరువుకు తగిలిస్తారు. మన దగ్గరా తూకాలకు కొదవలేదు, ప్రతి గుజ్జు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి ఉంది. కానీ మనం అక్కడ కాటా వేసేది ఎన్ని రూపాయలొస్తాయో చూసుకోవడానికే. అదే కాగితం మీద మన బండి మోయాల్సిన దానికన్నా ఎంత ఎక్కువ మోసిందో కూడా రాసుంటుంది. ఈ సీజనులో అన్న ఆ కాగితాలన్నీ వదిన చేతికి ఇస్తున్నాడు. ఆమె వాటిని పాలచీటీలతో కలిపి మేకుకు గుచ్చుతోంది.

దిగుడు సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి, మనది కొండల సీమ కాబట్టి. తిరుపతి నుంచి పీలేరు పోవాలంటే భాకరాపేట ఘాటు, చిత్తూరు నుంచి పలమనేరు పోవాలంటే మొగిలి ఘాటు. రెండూ ఎన్నో ఇళ్లల్లో దీపాలార్పాయి. 2022 మార్చిలో భాకరాపేట దగ్గర నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి దగ్గర ఆర్టీసీ బస్సును లారీ ఢీకొంది. అవి ట్రాక్టర్లు కావు, కారణాలు వేరు. అయినా ఆ దారుల్లోనే మన ట్రాలీలూ దిగుతున్నాయి. డీజిలు మిగులుతుందని గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేయడం మనవాళ్లకు మహా ముచ్చట. అప్పుడు ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. తొక్కి తొక్కి అవి అట్లపెనంలా కాగిపోతాయి, కాగిన బ్రేకు జారిపోతుంది. ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలని పాత డ్రైవర్ల మాట. ఇంకో లెక్క చూడండి. వేగం రెండింతలైతే ఆగడానికి కావలసిన దూరం సుమారు నాలుగింతలవుతుంది. పదిహేనులో పోయే ట్రాక్టరు ముప్పైకి పోతే అయ్యేది ఇదే. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు మీద, 1944లో వేసిన రోడ్డది, కిందికి రావడానికి కనీసం ఇంత సమయం పట్టాలని నియమం పెట్టి, ముందే వచ్చేసినవాళ్లకు జరిమానా వేయడం మనకు తెలిసిందే. దిగేటప్పుడు తొందరపడితే దండన! మన పల్లె దారుల్లో అలా చీటీ చూసి ఆపేవాళ్లెవరూ లేరు. ట్రాక్టరు డ్రైవరుగా పద్దెనిమిదేళ్లు నిండని కుర్రాడిని కూర్చోబెట్టి, వాడు సెల్‌ఫోను పాట పెంచుకుంటుంటే నవ్వుకునే పెద్దలున్నారు.

రాత్రిపూట ఇంకో గండం. వెనక దీపం లేని ట్రాలీ రోడ్డు పక్కన ఆగి ఉంటే, మోటారు సైకిలు మీద వచ్చేవాడికి అది కనిపించేది చివరి క్షణంలోనే. మెరిసే ఎర్ర స్టిక్కరు పట్టీ ఏ స్పేరుపార్టుల దుకాణంలో అడిగినా దొరుకుతుంది. మా మేనకోడలు రెండు పలకలకూ తనే అతికించింది, వంకరగా. వంకరైతేనేం, దూరం నుంచే మెరుస్తోంది. ఇక టైరు పంచరైతే చక్రానికి రాయి పెట్టి, పనయ్యాక ఆ రాయిని నడిరోడ్డు మీదే వదిలేసి పోయే మహానుభావుల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. రెండు చెక్క దిమ్మెలు ట్రాలీకి గొలుసుతో కట్టుకుంటే తీరిపోయే పని.

కాగితాల మాట కూడా ఒకటి. ట్రాక్టరుకు ఇన్సూరెన్సు ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషను, విడిగా ఇన్సూరెన్సు ఉండాలి. ట్రాక్టరులో సీటు ఒక్కటే, డ్రైవరుది. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. వ్యవసాయానికని రాయించుకున్న బండిలో మనుషులను ఎక్కించుకుని పోతే, జరగరానిది జరిగినప్పుడు పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సింది మిగిలిన ఆడవాళ్లే. ఎక్కువ బరువు వేస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, పైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు. బీరువాలో పట్టుచీరల కింద దాచిన ఆ కాగితాలు ఒకసారి తీసి, తేదీలు చూడండి. మీకు చదవడం వచ్చు కదా!

మనుషులను ట్రాలీలో ఎక్కించే సంగతికొస్తే, బ్రేకులు ఎంత బాగున్నా నాకు అది ససేమిరా ఇష్టం లేదు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైన కప్పు ఉండదు, బోల్తా పడితే మీదపడేది ఇనుము. "బస్సు మాట్లాడుకునే తాహతు మాకెక్కడిది?" అంటారు పల్లెల్లో. నిజమే, ఊరికి రోజుకు రెండు బస్సులు కూడా రాని చోట నీతులు చెప్పడం తేలిక. మా అన్నవాళ్ల ఊళ్లో మొన్న ఒక పెళ్లికి ఇలా చేశారు. పొదుపు సంఘం ఆడవాళ్లు మాట్లాడుకుని తలా ఇంత వేసుకుని ఒక మినీబస్సు పెట్టారు. చదివింపుల్లో తగ్గించుకున్నారు లెండి, అందులో దాపరికమేమీ లేదు. ట్రాలీ కూడా పోయింది, గాడిపొయ్యి మీద పెట్టే పెద్ద డేగిసాలు, కుర్చీలు, షామియానా మోసుకుని. ట్రాలీ నడిపింది మా అన్నే. బస్సు ముందు, ట్రాక్టరు వెనక.

ఆ ఊళ్లో డెబ్బై దాటిన ఒక అవ్వ ఉంది, పెళ్లిపాటలకు పెట్టింది పేరు. ఆమె మాత్రం బస్సులో కిటికీ పక్కన మూతి ముడుచుకుని కూర్చుంది. "టైలరులో అయితే గాలి తగలతాది, అందురూ చుట్టూ కూర్చుని పాడతారు. ఇందులో ఎవురి మొగమూ ఎవురికీ కనిపించదు" అని దారి పొడుగునా సణిగింది. పూతలపట్టు దాటాక వదిన సీట్లోంచి లేచి, అవ్వ పక్కకు పోయి కూర్చుని, తనే ఒక పాట ఎత్తుకుంది. శ్రుతి లేదు, లయ లేదు. అవ్వకు ఒళ్లు మండి, "అట్ల కాదు మే, ఇట్ల" అని అందుకుంది.